గడబిడ సున్నా

"నాయిన తువ్వాల కాలువ గట్టు మీద దొరికిందని చెప్తుంటే, ఇంక మందిని మక్కచేన్ల దిక్కు పంపుతవేందే? దిమాక్ ఉందా?" భూమేష్ కూతురి మీద ఎగిరాడు.

అంకిత ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు. మతి నిలవని తాత నడిపయ్య పొద్దున పెర్కిట్‌లో ఇల్లు దాటి పోయాడు. మధ్యాహ్నమైంది, మార్చి ఎండ మాడ్చేస్తోంది. వెతుకుతున్న ముప్పై మంది ఫోన్లూ ఆమె తెర మీద ముప్పై చుక్కలు. ఎవరు ఎటు పోవాలో ఆమె కాలేజీలో రాసుకున్న ప్రోగ్రామే చెబుతోంది.

"అందరు ఒక్కకాడికే ఉరికితే అక్కడనే ఇరుక్కుంటరు డాడీ. పిట్టల గుంపుల కొన్ని పక్కకు పోతయి గద, గవే కొత్త జాగ కనిపెడ్తయి. గందుకే గడబిడ ఇరవై పెట్టిన, నూటికి ఇరవై మంది ఎటుబడితే అటు పోతరు."

"మనిషి కనబడకపాయె, గడబిడ పెడ్తవా? తీసెయ్!"

"తువ్వాల తాతదేనా, పక్కానా?"

"పసుపు మరకలు కనబడ్తలేవా? నలభై ఏండ్లు పసుపు ఉడకబెట్టిన మనిషి తువ్వాల, ఆయన ఎంబడి ఉడకబెట్టిన నాకు తెల్వదా? పొద్దుగాల నేను గా గట్టు మీద తిరిగినప్పుడు లేకుండె. అంటే నా ఎనుకనే వచ్చిండు."

తండ్రి కళ్ళల్లో నీళ్ళు చూసి అంకిత ఓడిపోయింది. గడబిడ సున్నా చేసింది. చుక్కలకేం, బుద్ధిగా కాలువ వైపు తిరిగాయి. ఒక్కటి మాత్రం తిరగలేదు. అది నానమ్మ సాయవ్వ. అంకిత ఫోన్ చేసింది.

"నానమ్మా, మర్లి రా. అందరు కాలువకాడ ఉన్నరు."

"మక్కచేను నడుమ ఉన్న బిడ్డా. ముందట చింతచెట్టు ఉంది, జర గంతదాక పోయి చూసొస్త."

"వద్దే. తాత గక్కడ లేడు. గీ ఎండల నువ్వు గూడ పడిపోతవు. రా."

ఆ చుక్క కాసేపు ఆగి, వెనక్కి మళ్ళింది.

మూడు గంటలు కాలువంతా జల్లెడ పట్టారు. పొద్దుగూకే వేళకు మేకలు కాసే గంగాదాస్ ఉరికొచ్చాడు. నడిపయ్య చింతచెట్టు కింద ఉన్నాడు. "నేను చూసేసరికి ఊపిరి ఆడుతుండె. నీళ్ళు తాపిన. గుటక పడలే" అన్నాడు.

అందరూ చెట్టు కిందికి ఉరికేసరికి ప్రాణం లేదు. సాయవ్వ గొల్లుమంది. "నీ దిక్కే వస్తుంటి గద" అంటూ, మొగుడి మెడకు చుట్టి ఉన్న పసుపు మరకల తువ్వాలతో ఆయన ముఖం తుడిచింది.

అంకిత ఆ తువ్వాలను చూసింది. తండ్రి చేతిలోని తువ్వాలను చూసింది.

భూమేష్ చెయ్యి మెల్లగా తన భుజం మీదికి పోయింది. పొద్దున ఇంట్లోంచి వేసుకొచ్చిన తువ్వాల అక్కడ లేదు.