వియన్నా రైలుకు గొలుసు

పొద్దున బల్ల మీద నా కాఫీ పక్కన ఇనుప గొలుసు, తాళం కనిపించాయి. నాంపల్లి స్టేషన్ బయట అమ్మ కొనుక్కొచ్చింది.

"వియన్నా నుంచి బ్రాటిస్లావాకు దేశం మారినా గంట ప్రయాణమేనమ్మా. సూట్‌కేసుకు గొలుసెందుకు?"

"గంట చాలదా ఏంది, ఎత్కపోనీకె?"

ఈ ప్రయాణానికి నేను మూడు నెలలు తయారయ్యాను. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం కొన్న పాత యూరప్ రైళ్ళ గైడు ముందేసుకుని, రంగు పెన్సిళ్ళతో నాలుగు పేజీల పట్టిక గీశాను. ఏ ప్లాట్‌ఫాం, ఏ వైపు కిటికీ, పులిహోర డబ్బా ఎప్పుడు తీయాలి, అన్నీ రాశాను. ఎదురింటివాళ్ళను పలకరించడానికే జంకే నేను, టికెట్ కలెక్టరుకు జర్మన్‌లో నమస్కారం చెప్పడం అద్దం ముందు నేర్చుకున్నాను.

"సీటు కింద గొలుసు కట్టనీకె రింగు ఉంటదా మరి?" అంది అమ్మ.

నా నాలుగు పేజీల్లో అది లేదు.

"గిన్ని చదివి గదొక్కటి చూడలేదా?"

నవ్వి, రెండు తాళంచెవుల్లో ఒకటి నా చేతిలో పెట్టింది.

"జర పైలం బిడ్డా. నాది పోతే నీదే దిక్కు."

బుద్ధిగా తలూపి దాన్ని పర్సులో వేసుకున్నాను.

వీసా అప్పటికే వచ్చింది, అమ్మకొక్కదానికే.