నేను తడబడిన చోటల్లా

మా అత్త జోర్కా ప్రేమ నవలలు రాస్తుంది. మా నిష్ పట్టణం బస్టాండు కొట్లలో చవగ్గా దొరికే అరవై పేజీల పుస్తకాలు అవి. అచ్చుకు పంపే ముందు ప్రతిదీ నా చేత పైకి చదివిస్తుంది. నేను తడబడిన వాక్యమల్లా ఎర్ర పెన్సిల్‌తో కొట్టేస్తుంది.

"నాలుగో తరగతి మొద్దువి. నీకు నోరు తిరిగిందంటే ఇక అందరికీ తిరుగుతుంది," అంటుంది.

ఆ రోజు పొయ్యి మీద ఎర్ర మిరపకాయలు కాలుస్తూ ఆమె కొత్త నవల చివరి పేజీ చదువుతున్నాను. కథలో కోడలిది మా పుట్టింటి ఊరే. నా మణికట్టు మీది కాలిన మచ్చ ఆమెకూ ఉంది.

"ఆగావేం స్మిల్యా? చదువు. అచ్చయ్యాక నీ మొగుడికీ ఇస్తాను. వాడికైనా బుద్ధొస్తుంది."

"భర్త ఆమె పె... పెట్టె తెచ్చి గు... గుమ్మం బయట..."

అత్త పెన్సిల్ ఎత్తి, మళ్ళీ దించింది.

"పెట్టె, గుమ్మం! ఈమాత్రం చదవలేవూ? పొద్దున నా మందుల కాగితం గడగడా చదివావుగా!"

నేను తలెత్తకుండా మిరపకాయలు తిప్పాను.

"మూడేళ్ళుగా నా దగ్గర నాటకాలాడుతున్నావుటే, దొంగమొహమా?"

"అత్తయ్యా," అన్నాను మెల్లిగా, "పదకొండు నవలల్లో కోడళ్ళను వెళ్ళగొట్టారు మీరు. అచ్చయిన పుస్తకాల్లో ఒక్కతైనా గడప దాటిందా?"