నాలుగు నెలల ప్యాడ్లు

“దీనికి ఇనుప డిస్కుల బ్రేకు ప్యాడ్లు వేస్తే అంతే సంగతులు మేడమ్. ఈ కార్బన్ సెరామిక్ డిస్కుల్ని నమిలేస్తాయి. కొత్త డిస్కులు కొనే డబ్బుతో ఓ మామూలు కారే వస్తుంది” అన్నాడు మెకానిక్, ఎర్ర స్పోర్ట్స్ కారు ముందు చక్రం విప్పుతూ.

“అందుకేగా మీ దగ్గరికి తెచ్చింది” అందామె.

రేసు ట్రాక్ మీద కారు నడపడం నేర్పే ఉద్యోగం ఆమెది. కారు స్కూలుది. బ్రేకు తొక్కే కాళ్ళు నేర్చుకునేవాళ్ళవి. తిట్లు మాత్రం ఆమెవి.

మెకానిక్‌కి ఆ ఎర్ర కారంటే ప్రాణమని వీధంతా ఎరుగు. వాననీళ్ళు రాకుండా షెడ్డుకీ ఇంటికున్నట్టే సిమెంటు గడప ఉండేది. కిందటేడు ఈ కారు మొదటిసారి వచ్చినప్పుడు పొట్ట గీసుకుని బయటే ఆగిపోయింది. మర్నాడే ఆయన పలుగు పట్టుకుని గడపని తన చేత్తోనే పగలగొట్టాడు. ఇప్పుడు వానొస్తే షెడ్డులో కాగితం పడవలు వదలొచ్చు. “సొంత కారుక్కూడా ఎవరూ ఇంత చెయ్యరు” అని పక్కన టైర్ల కొట్టాయన నవ్వుతుంటాడు.

నవ్వేవాళ్ళకి కూడా ఆయన మాటంటే హడలు. ఆయన పేరే ఒక్కమాట మెకానిక్. నాలుగింటికి బండి ఇస్తానంటే ఒళ్ళు కాలిపోతున్నా నాలుగింటికే ఇస్తాడు. కల్తీ ఆయిలు అంటగట్టిన డీలరుతో ఇక మాట్లాడనన్నాడు, పన్నెండేళ్ళుగా ఎదురుపడ్డా తల తిప్పుకుంటాడు. కోపంలో ఎవరినో తన ఇంటి గడప తొక్కొద్దన్నాడట, నాలుగేళ్ళయింది. వాళ్ళూ తొక్కలేదు, ఈయనా రమ్మనలేదు. టీలో చక్కెర మానేస్తానన్న మాట ఒక్కటే నిలబెట్టుకోలేకపోయాడని చెప్పుకుంటారు.

ఫోను మోగింది. అవతల ఆయన భార్య.

“ఎర్ర కారొచ్చిందా?”

“వచ్చింది.”

“ఫ్లాస్కుతో రెండో కప్పు కూడా పెట్టాను, చూశారా?”

“చూశాను.”

“మళ్ళీ ఎప్పుడొస్తుందిట?”

“ప్యాడ్లని బట్టి” అని పెట్టేశాడు. భార్యకి కూడా ఈ కారు పిచ్చి అంటుకున్నట్టుంది.

డిస్కు విప్పి తూకం మీద పెట్టాడు. ఈ రకం డిస్కు ఎంత అరిగిందో బరువే చెబుతుంది. ఎంతకి తగ్గితే పారెయ్యాలో ఆ అంకె డిస్కు మీదే ఉంటుంది. అంకె కనబడక, కళ్ళద్దాల కోసం జేబులు తడుముకున్నాడు.

“రెండో సొరుగులో చూడండి, స్పానర్ల కింద” అందామె.

అక్కడే ఉన్నాయి. ఆయన తుడిచి పెట్టుకుని అంకె చూశాడు.

“డిస్కులకి ఢోకా లేదు మేడమ్. ప్యాడ్లే మార్చాలి.”

రెండు డబ్బాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. వారం రోజులుగా ఆయన ఆ రెండు డబ్బాల మధ్యే నలుగుతున్నాడు.

“రెండూ ఈ డిస్కులకి సరిపడేవే. ఇవి గట్టివి. మీ వాడకానికైనా ఏడాదిన్నర మన్నుతాయి. ఇవి మెత్తవి. పట్టు బాగానే ఉంటుంది గానీ, నాలుగు నెలలకే అరిగిపోతాయి. ధరలో పెద్ద తేడా లేదు.”

“మీ సొంత మనిషికైతే ఏవి వేస్తారు?”

ఆయన రెండు డబ్బాల కేసీ చూశాడు. మెత్తవి అంటే సరిపోతుంది, నాలుగు నెలలకే ఆ ఇంజను చప్పుడు మళ్ళీ వినొచ్చు. కారు వెళ్ళిన రోజు షెడ్డు ఎంత బోసిపోతుందో ఆయనకొక్కడికే తెలుసు. ప్రతిసారీ మర్నాడు పొద్దున్నే, రాదని తెలిసి కూడా, రోడ్డు మలుపు కేసి చూస్తాడు. గట్టివంటే అలా ఏడాదిన్నర చూడాలి. కానీ బ్రేకుల దగ్గర అబద్ధమాడడం ఆయన వల్ల కాదు.

“గట్టివే” అన్నాడు.

“అంటే ఏడాదిన్నర దాకా నేనిటు రానక్కర్లేదన్నమాట.”

“అక్కర్లేదు మేడమ్.”

ఆమె గట్టి ప్యాడ్ల డబ్బా తీసి, లేచి వెళ్ళి దాని అరలో దాన్ని పెట్టేసింది.

“మెత్తవి వెయ్యండి.”

“అదేంటి మేడమ్! డబ్బు దండగ కదా?”

“మధ్యలో మార్చే ఖర్చు నా జీతంలోంచి పెట్టుకుంటాను. వెయ్యండి.”

ఆయన మెత్తవాటి డబ్బా విప్పాడు. గంట పనిని రెండు గంటలు చేశాడు. బిగించిన బోల్టునే మళ్ళీ బిగించాడు. ఫ్లాస్కులో టీ రెండు కప్పుల్లోకీ వంచి, తన కప్పులో రెండు చెంచాల చక్కెర వేసుకోబోతుంటే ఆమె డబ్బా మూత పెట్టేసింది. చక్కెర లేని టీ ఆయన మారుమాట లేకుండా తాగాడు.

చివరికి ఆమె కారెక్కింది. ఆయన తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఏడాదిగా అడగని ప్రశ్న అప్పుడు బయటికొచ్చింది.

“మీ ట్రాక్ పక్కనే కంపెనీ సర్వీసు సెంటరుంది. ఇదేమో మూడు గంటల దారి. అంత కష్టపడి ఇక్కడికే ఎందుకొస్తారు మేడమ్?”

ఆమె షెడ్డు ముందు నేల మీద, పలుగు దెబ్బలు ఇంకా మాయని సిమెంటు గీత కేసి చూసింది. కళ్ళు తుడుచుకుంది.

“షెడ్డుకి గడప లేదుగా, నాన్నా!”