ఒక్క మాటకు ఇన్ని అర్థాలా?

"వాడు అబద్ధం చెప్తున్నాడు వదినా!"

ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చిన మరిదిని చూడగానే ఆమె లేచి నిలబడింది.

ఆమె బట్టలు కుట్టుకుని బతికే మనిషి. భర్త సొరంగం తవ్వే పనిలో ఉన్నాడు. మొన్న పొద్దున పైకప్పు కూలి, మరో ఐదుగురితో కలిసి లోపల చిక్కుకుపోయాడు. అప్పటినుంచి ఆరు కుటుంబాలూ గేటు పక్కన రేకుల షెడ్డులో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాయి.

వాళ్లని బయటికి తియ్యడానికి వచ్చిన రక్షక దళం కెప్టెన్ పరాయిదేశం వాడు. ఇంగ్లీషు తప్ప ముక్క రాదు. గంటకోసారి వచ్చి ఏదో చెప్పి వెళతాడు. దాన్ని తెలుగులో వినిపించేది నలిగిన చొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి. ఆయనెవరని ఎవరూ అడగలేదు. కంపెనీ మనిషే అనుకున్నారు.

"ఏం అబద్ధం?" అంది.

"కెప్టెన్ ప్రతిసారీ చివర్లో 'సొలేస్' అంటున్నాడా? ఆ పెద్దమనిషి నీతో దానికి 'ఊరట' అన్నాడు. ఆ ముసలమ్మతో 'ధైర్యం' అన్నాడు. ఆ చిన్నపిల్లతో 'నాన్నకి లోపల తోడున్నారు తల్లీ' అన్నాడు. ఒక్క మాటకి ఇన్ని అర్థాలా? అనుమానమొచ్చి ఫోన్లో చూశా. సొలేస్ అంటే ఓదార్పు."

"అయితే?"

"ఓదార్పు ఎక్కడ చెప్తారు వదినా?"

ఆమెకి మొదటిరోజు సంగతి గుర్తొచ్చింది.

ఆ రోజే ఒక శవం దొరికింది, సొరంగం మొదట్లోనే. కొత్తగా చేరిన కుర్రాడట. 'మనవాళ్లు కాదులే' అని అప్పుడు షెడ్డంతా ఊపిరి పీల్చుకుంది.

ఆమె విసురుగా వెళ్లి పెద్దమనిషి ఎదురుగా నిలబడింది.

"ఏమయ్యా, నిజం చెప్పు. మావాళ్లు ఉన్నారా, పోయారా?"

"ఉన్నారమ్మా. లోపలినుంచి గొట్టం మీద కొడుతున్నారు. ఆ చప్పుడే మనకి..."

"ఊరటా? ధైర్యమా? ఇంకేమైనా కొత్తది కనిపెట్టావా?" అన్నాడు మరిది.

"ఎవరికి ఏ మాట పనికొస్తుందో ఆ మాట చెప్పాను బాబూ."

"ఓదార్పంటే చావింట్లో చెప్పే మాట!"

"ఏ ఇంట్లోనైనా బతికున్నవాళ్లకేగా చెప్పేది."

"కంపెనీ ఉప్పు తిని మా చెవుల్లో పువ్వులు పెడుతున్నావు!" వెనకనుంచి ఎవరో అరిచారు.

ఆమెకి ఒళ్లు మండిపోయింది. "నీవాళ్లు లోపలుంటే తెలిసేది!"

ఆయన ఒక్కక్షణం ఆమెవైపు చూశాడు.

"లేరమ్మా. మావాళ్లెవరూ లోపల లేరు."

అంతే. అగ్నికి ఆజ్యం పోసినట్టయింది. నలుగురూ కలిసి ఆయన్ని గేటు బయటికి నెట్టేశారు. ఆయన చెయ్యెత్తలేదు. గేటు ఊచలు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

సాయంత్రానికి, ఉన్నట్టుండి, తవ్వే యంత్రం ఆగిపోయింది.

షెడ్డులోవాళ్లంతా సొరంగంవైపే చూశారు.

ఒళ్లంతా బురదతో కెప్టెన్ పరుగున వచ్చాడు. గబగబా ఏదో చెప్పాడు. కళ్లనిండా నీళ్లు. అది నవ్వో ఏడుపో తెలియడం లేదు.

అందరూ మరిదివైపు తిరిగారు.

"ఏమన్నాడ్రా?"

"అవుట్... అన్నాడు వదినా."

"అవుట్ అంటే?"

"క్రికెట్లో అయితే..." వాడు తలదించుకున్నాడు.

ముసలమ్మ ఒక్కసారిగా గుండెలు బాదుకుంది. ఆమె వెనకే చిన్నపిల్ల. ఆ వెనక షెడ్డంతా. కెప్టెన్ బిత్తరపోయి, పెద్దమనిషి కోసం చుట్టూ వెతుకుతున్నాడు.

అప్పుడు గేటు అవతలినుంచి కేక వినిపించింది.

"ఏడవకండి! దారి పడింది! ఆరుగురూ బతికే ఉన్నారు, బయటికి తెస్తున్నారు!"

ఆ తర్వాత ఎవరు ఎవర్ని కావలించుకున్నారో ఎవరికీ గుర్తులేదు.

ఆమె భర్త అందరికంటే ఆఖర్న వచ్చాడు. స్ట్రెచర్ మీద పడుకునే ఆమె వేళ్లు గట్టిగా నొక్కాడు. అతన్ని అంబులెన్స్ ఎక్కించి, తానూ మెట్టు మీద కాలు పెట్టబోయి, చటుక్కున ఆగింది.

"నువ్వు అన్నయ్య దగ్గర కూర్చో. ఇప్పుడే వస్తా," అని మరిదితో చెప్పి గేటు దగ్గరికి పరుగెత్తింది.

గేటు దగ్గర కాపలా తాత ఒక్కడే ఉన్నాడు.

"తాతా, ఇందాక ఇక్కడ నిలబడ్డ పెద్దమనిషి ఏడీ? నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన కాళ్లు పట్టుకోవాలి."

"ఇప్పుడే వెళ్లిపోయాడమ్మా, ఆ తెల్ల వ్యానులో."

"కంపెనీ వ్యానా?"

"శవాల వ్యాను తల్లీ. మొదటిరోజు దొరికిన కుర్రాడున్నాడే, 'ఇక్కడ కెప్టెన్ మాట వీళ్లకి చెప్పే దిక్కులేదు, వీళ్లవాళ్లంతా బయటికొచ్చాకే నా కొడుకుని తీసుకెళ్తాను' అని ఆగిపోయిన తండ్రి ఆయనే."