గాలి చొరని కారు

"ఆపు, ఆపు! అద్దం పగలగొడతావా ఏంటి? మెల్లగా ఎత్తమన్నానా లేదా?"

వెండెల్ కసురుకున్నాడు. ఆర్లీన్ అద్దం పిడి తిప్పడం ఆపేసింది.

పాత కారు తలుపు లోపలి అట్ట విప్పి షెడ్డు గోడకి ఆనించి ఉంది. మడిచే బట్ట టాపుని పైకి లాగి బిగించారు. తలుపు అద్దానికి చుట్టూ చట్రం లేదు. పైకి లేచిందే గానీ, టాపు అంచున ఉన్న రబ్బరుని ఆనకుండా బయటికి వాలి నిలబడింది. మధ్యలో వేలు పట్టేంత సందు. అందులోంచి చలిగాలి ఈల వేస్తోంది.

"రిపేరు షాపు వాళ్ళు నిన్నే పంపారా? మగాళ్ళెవరూ దొరకలేదా?"

"నేనే దొరికానండీ."

"సరే, ఆ రెంచి ఇటివ్వు. కింద రెండు బోల్టులున్నాయే, అద్దం వాలు వాటి చేతిలో ఉంటుంది. ఫ్లింట్‌లో కార్ల ఫ్యాక్టరీ ఉన్నన్నాళ్ళూ నేను చేసిన పని ఇదే."

అతను మోకాళ్ళ మీద కూర్చుని తలుపు కడుపులో చెయ్యి పెట్టాడు. ఇందాక గుండీలు పెట్టుకోలేక తడబడిన ఆ చెయ్యి, ఇనుము తగలగానే నిలకడగా మారిపోయింది. ఆర్లీన్ అద్దాన్ని రెండు అరచేతులతో పట్టుకుంది.

"లోపలికి నొక్కు. ఇంకాస్త. అబ్బ, అంత కాదమ్మా!"

"తొందరేముందండీ? నిదానంగా చేద్దాం."

"నీకు లేదు తొందర. నాకుంది. ఇవాళ మా బర్డీని ఆస్పత్రి నుంచి పంపించేస్తున్నారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. చలిగాలి సోకితే మళ్ళీ మొదటికొస్తుందన్నాడు డాక్టరు. ఇంత సందు పెట్టుకుని ఎలా తీసుకురాను?"

"వేరే ఎవరి కారైనా అడిగితే..."

"ఇది తప్ప ఇంకోటి ఎక్కదు. పెళ్ళికి ముందు దీన్లోనే తిప్పాను, టాపు దించేసి. జుట్టంతా చెదిరిపోయినా నవ్వుతూనే ఉండేది." అతని గొంతు తగ్గింది. "పాపం, సంచీ సర్దుకుని కిటికీ దగ్గర కూర్చుని ఉంటుంది. నేను మర్చిపోయాననుకుంటుంది."

ఆర్లీన్ అద్దం మీద తన వేలిముద్రలు పడితే మెడ రుమాలుతో తుడిచింది.

"మీ ఆయనేం చేస్తాడు?" అన్నాడు ఉన్నట్టుండి.

"ఇదివరకు ఫ్యాక్టరీలో చేసేవారు. ఇప్పుడు ఇంట్లోనే."

"ఇంట్లో కూర్చుని, ఈ వయసులో నిన్ను పనికి తోలుతున్నాడా? సిగ్గులేని మనిషి!"

"మంచివాడేనండీ."

"మంచివాడట! నేనైతే బర్డీ చేత రెంచి పట్టించను."

బోల్టు బిగించి లేచాడు. వార్తాపత్రికలోంచి ఓ ముక్క చింపి, రబ్బరుకీ అద్దానికీ మధ్య పెట్టి తలుపు వేశాడు. లాగితే కాగితం జారి వచ్చేసింది. బూతు మాట ఒకటి పళ్ళ మధ్యే నలిపేసి మళ్ళీ కూర్చున్నాడు. వదులు చేయడం, నొక్కడం, బిగించడం. కాగితం మళ్ళీ జారింది. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాకు చేతకావట్లేదు. ఎందుకో చేతకావట్లేదమ్మా."

"అవుతుందండీ. వెనక కొస ఒక్క పిసరు పైకెత్తండి."

ఎత్తాడు. ఈసారి తలుపు మెత్తగా చప్పుడు చేసి మూసుకుంది. కాగితం లాగితే చిరిగింది గానీ రాలేదు. షెడ్డులో ఈల ఆగిపోయింది.

"చీమ దూరదిప్పుడు!" వెండెల్ మొహం వెలిగిపోయింది. "తాళం ఏది? బయల్దేరాలి."

"భోజనాలయ్యాకే పంపుతామన్నారట. చొక్కా మార్చుకుని, కాస్త తిని వెళ్దురుగాని."

వంటింట్లో ఆమె ఇచ్చిన సాండ్‌విచ్ సగం తిని పక్కకి నెట్టాడు. "ఆవముద్ద ఎక్కువేశావు. మా బర్డీ చేతి రుచే వేరు." ఆమె ఇచ్చిన మాత్ర మాత్రం వేసుకున్నాడు. తెల్ల చొక్కా, టై కట్టుకుని, టోపీ ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. కాసేపటికే తల వాలిపోయింది.

ఆర్లీన్ షెడ్డుకి తిరిగి వచ్చేసరికి పక్కింటి డ్వేన్ కంచె దగ్గర మంచు తోస్తున్నాడు. చూసి పార ఆపాడు.

"పడుకున్నాడా ఆర్లీన్ గారూ?"

"ఇప్పుడే."

"ఇలా ఎన్నాళ్ళు? నిజం చెప్పేయొచ్చుగా."

"చెప్పాను డ్వేన్, ఒకసారి. నమ్మలేదు. బర్డీ గురించి అలాంటి అబద్ధం ఆడడానికి నోరెలా వచ్చిందని నా ఎదుటే ఏడ్చాడు. ఆ ఏడుపు మళ్ళీ చూడలేను."

"పోనీ ఆ కారైనా అమ్మేయండి."

"అమ్మితే పొద్దున్నే దేనికోసం లేస్తాడు?"

డ్వేన్ పారకి అంటిన మంచు దులిపాడు. కిందటి ఆకురాలు కాలంలో వెండెల్ ఈ కారు వేసుకుని ఆస్పత్రికని బయల్దేరినప్పుడు, ఎక్కడో పొలాల మధ్య పెట్రోలు అయిపోయి, వానలో బిగుసుకుపోయి కూర్చున్నవాణ్ణి వెతికి తెచ్చింది అతనే.

"లోపలికెళ్ళండి. చలిగా ఉంది," అని పార భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆర్లీన్ కారు పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. తలుపు లోపలికి చెయ్యి పెట్టి, రోజూలాగే, రెండు బోల్టులూ వదులు చేసింది. అద్దం బయటికి వాలింది. ఈల మళ్ళీ మొదలైంది. రేపు పొద్దున్న షాపు వాళ్ళు పంపిన మనిషినని మళ్ళీ చెప్పుకోవాలి. అతను మళ్ళీ కసురుకుంటాడు. బర్డీ కిటికీ దగ్గర ఎదురుచూస్తోందని మళ్ళీ చెబుతాడు. ఆమె మళ్ళీ వింటుంది.

ఆర్లీన్‌ని బర్డీ అని పిలిచే మనిషి ఈ భూమ్మీద అతనొక్కడే.