బోదురుకప్ప కూత

మడుగు ఒడ్డున చెడుగుడు ఉందంటే చాలు, బోదురుకప్ప పొద్దున్నే వచ్చి రాయెక్కి కూర్చునేది. మడుగు జట్టులో అందరూ కుందేళ్లే. ఎవరు కూతకు వెళ్లాలో, ఎటువైపు దూరాలో చెప్పేది మాత్రం ముసలి తాబేలు. అవతలి జట్టు ఎండ్రకాయలది. ఆ రోజు ఓడినవాళ్లు ఎండాకాలమంతా నీడలేని ఒడ్డున మాడాలని పందెం.

మూడో కుందేలూ ఎండ్రకాయలకు చిక్కింది.

"మళ్లీ ఎడమవైపుకేనా పంపేది? ఆ తాబేలుకు ఉన్నదంతా డిప్పే, లోపల బుర్ర లేదు!" అని కప్ప గొంతు చించుకుంది.

"కుడివైపుకి పంపాలి," అంది పక్కనున్న ఉడత.

"నీ మొహం! నడిమికి పంపాలి!"

ఆ గోలకి ఆటే ఆగిపోయింది. తాబేలు మెల్లగా తల బయటపెట్టి, "కప్ప బావా, ఇదే ఆఖరి కూత. నువ్వే వెళ్లు," అంది.

కప్ప ఒక్క గెంతులో గీత దాటింది. గుక్క తిప్పుకోకుండా "చెడుగుడు చెడుగుడు" అంటూ నడిమికే దూసుకెళ్లింది. ఎండ్రకాయలు నిజంగానే బెదిరి వెనక్కి తగ్గాయి.

"కుడివైపు అన్నానా!" అని వెనక నుంచి ఉడత కేకేసింది.

కప్ప ఠక్కున తిరిగి, "నోర్ముయ్! నాకు చెప్పేంతదానివా?" అంది.

కూత తెగింది. ఆటా పోయింది, నీడా పోయింది.

కప్ప మళ్లీ రాయెక్కి, ఆయాసం తీర్చుకుని అరిచింది: "అసలు నన్ను కూతకు పంపిన తెలివితక్కువది ఎవరు? ముందు ఆ తాబేలును మార్చండి!"

"అదే నేనూ అంటున్నా," అంది ఉడత.