దొరగారికి అద్దం పరీక్ష

భోజనాల బల్ల మీద క్రంప్‌టన్ తన సరంజామా పరిచాడు. ఒక చెక్క మేకు, ఒక సుత్తి.

"ఏమీ అనుకోకండి లార్డ్ థోర్న్‌బీ. రాణిగారి ఉత్తర్వు. పరీక్షలో తప్పారంటే ఈ మేకు తమరి గుండెలో దిగ్గొట్టాలి. నెగ్గారంటే ఇద్దరం కలిసి భోంచేద్దాం."

దొరగారు కోటు బొత్తాలు పైదాకా పెట్టేసుకున్నాడు.

ఊళ్లో మెడ మీద రెండేసి గాట్లతో, సున్నం కొట్టినట్టు తెల్లబడి జనం లేవడం తాతల నాటి నుంచీ అప్పుడప్పుడూ ఉన్నదే. ఈ ఏడు మరీ ఎక్కువైంది. పాలమ్మే ఆవిడ, చర్చి గంట కొట్టేవాడు, ఆఖరికి కమ్మరి కూడా. ఊరంతా కోట వైపే వేలు చూపించింది. చూపించదూ మరి? దొరగారు మిట్టమధ్యాహ్నం దాకా పక్క దిగడు. ఎండ పడదు, వెల్లుల్లి గిట్టదు. మొహాన స్ఫోటకం మచ్చలున్నాయని పన్నెండేళ్లుగా అద్దం చూడడు.

ఇలాంటివి విచారించడానికి రాణిగారికి ఒక రహస్య కచేరీ ఉంది. క్రంప్‌టన్ అక్కడి ఉద్యోగే. అక్కడి పుస్తకంలో డ్యూకుల నుంచి బారన్ల దాకా గొప్ప వంశాలన్నీ రాసి ఉన్నాయి. రక్తపిశాచి కావడానికి కూడా పుట్టుక ఉండాలని ఆ కచేరీ వాళ్ల గట్టి నమ్మకం.

దొరగారికి మిగిలిన దిక్కు బట్లర్ పింబ్లెట్. ఆ ఇంట్లో బట్లర్‌గా ఎవరున్నా పేరు పింబ్లెట్టే. తాతగారికీ పింబ్లెట్టే, తండ్రిగారికీ పింబ్లెట్టే. ఒకడు ఎప్పుడు పోయాడో, ఇంకొకడు ఎప్పుడు వచ్చాడో కనుక్కునే అలవాటు ఆ వంశంలో లేదు. వారం రోజులుగా పింబ్లెట్ దగ్గరుండి దొరగారికి తర్ఫీదు ఇచ్చాడు. రోజుకో వెల్లుల్లి రెబ్బ నమలమన్నాడు. ముందు నువ్వొకటి తిని చూపించరా అని దొరగారు బతిమాలితే, తమరి కోసం చేసింది నౌకరు నోట పెట్టుకోకూడదని వినయంగా తప్పుకున్నాడు.

పరీక్ష మొదలైంది. పింబ్లెట్ తెల్ల చేతి తొడుగులతో వెండి చెంచా అందించాడు. దొరగారు పట్టుకున్నాడు, చెయ్యి కాలలేదు. వెల్లుల్లి గిన్నె వంటమనిషే తెచ్చింది. వంటింటి గిన్నెలు మోయడం బట్లర్ హోదాకు తక్కువ. దొరగారు ముక్కు మూసుకుని మింగేశాడు. పింబ్లెట్ తాడు లాగి తెర తీసి, తలుపు వారన నీడలో నిలబడ్డాడు. ఎండ నిలువునా మీద పడితే దొరగారు తుమ్మాడే గానీ బూడిద కాలేదు.

తెర మళ్లీ వేయించి, క్రంప్‌టన్ గోడనున్న నిలువుటద్దం మీది గుడ్డ లాగాడు. దొరగారు లేవబోయి కుర్చీ కాలు తట్టుకుని తూలాడు. పింబ్లెట్ కుర్చీ వెనక్కి జరిపి, పడిపోకుండా భుజం పట్టుకున్నాడు. క్రంప్‌టన్ వచ్చి దొరగారి పక్కన నిలబడి అద్దంలోకి తొంగి చూశాడు.

"ఇదిగో నేను. ఇదిగో తమరు. భేషుగ్గా ఉన్నారు."

మచ్చలతో సహా తన మొహం కనబడగానే దొరగారికి కళ్లనీళ్లు తిరిగాయి. ఇంత అందగాణ్ణని ఇన్నాళ్లూ తెలియలేదే అనుకున్నాడు.

భోజనం అయింది. క్రంప్‌టన్ యోగ్యతాపత్రం రాసిచ్చి, పక్క ఊరి బారన్ మీద తనకు అనుమానంగా ఉందని చెప్పాడు. పింబ్లెట్ అందించిన టోపీ అందుకుని, టోపీ వైపే చూసి, వెళ్లిపోయాడు.

బతుకు జీవుడా అనుకుంటూ దొరగారు అద్దానికి వీపు పెట్టి కుర్చీలో కూలబడ్డాడు. బిగుతుగా ఉందని మెడ దగ్గర కాలరు విప్పుకున్నాడు. మురిసిపోతూ పత్రం పైకి చదివాడు.

"అద్దమునందు నేనును ప్రభువులవారును, ఇద్దరము మాత్రమే, స్పష్టముగా కనిపించితిమి."

ఆగాడు. 'ఇద్దరము మాత్రమే' దగ్గర వేలు పెట్టి మళ్లీ చదివాడు. భుజం తడుముకున్నాడు.

"పింబ్లెట్, అప్పుడు నువ్వు ఎక్కడున్నావోయ్?"

"తమరి వెనకే దొరా, ఇప్పటిలాగే."